మడమ శూల: కృష్ణా డెల్టా క్రీడాకారుల్లో నిర్ధారణ, చికిత్స

మడమ శూల అంటే అరికాలి వైపు, మడమ ఎముక అడుగున, కాస్త లోపలి పక్కగా వచ్చే నొప్పి. దీని తీరు చాలామందిలో ఒకేలా ఉంటుంది. తెల్లవారి మంచం దిగి మోపిన మొదటి అడుగులో సూటిగా పొడుస్తుంది. పది పదిహేను అడుగులు వేసేసరికి సర్దుకుంటుంది. ఆట మొదట్లో తెలుస్తుంది, ఒళ్ళు వేడెక్కాక మరుగున పడుతుంది, ఆట ముగించి కాసేపు కూర్చుని లేచేటప్పటికి మళ్ళీ పట్టుకుంటుంది. పదిమందిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుందని వైద్యుల అంచనా. రోజంతా నిలబడే బస్సు కండక్టరుకు వచ్చే జబ్బే ఇరవై ఏళ్ల కబడ్డీ ఆటగాడికీ వస్తుంది. అయితే కండక్టరు నొప్పి ఎప్పుడు పోతుందని అడుగుతాడు, ఆటగాడు మళ్ళీ ఎప్పుడు ఆడొచ్చని అడుగుతాడు. ఆ రెండో ప్రశ్నకు తొందరపడి చెప్పే జవాబుల వల్లే ఆరు నెలల్లో తగ్గాల్సిన నొప్పి రెండేళ్లు సాగుతుంది. ఇప్పటిదాకా వచ్చిన పరిశోధనలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక నిర్ణయానికి రావచ్చు. క్రీడాకారుల మడమ శూలకు చాలావరకు మూలం, అలవాటు లేని భారం కొద్ది వారాల్లో పాదం మీద పడటం. కాబట్టి నిర్ధారణలో ఎక్స్‌రే కన్నా రోగి చెప్పే సంగతులకు, చికిత్సలో సూదిమందు కన్నా భారాన్ని తగ్గించి మళ్ళీ మెట్టుమెట్టుగా పెంచడానికి ఎక్కువ విలువ ఇవ్వాలి.

మడమ ఎముక లోపలి గుబ్బ దగ్గర మొదలై అయిదు వేళ్ళ మొదళ్ళ దాకా పరుచుకున్న తెల్లటి గట్టి పట్టీ పేరు ప్లాంటార్ ఫేషియా. అది చేసే పనిని బ్రిటన్‌కు చెందిన జె.హెచ్. హిక్స్ 1954లో వివరించాడు. వేళ్ళు పైకి వంగినప్పుడు ఈ పట్టీ, బావి గిలక మీద చేదతాడు చుట్టుకున్నట్టు, వేళ్ళ మొదళ్ళ చుట్టూ బిగుసుకుని పాదం వంపును ఎత్తి నిలబెడుతుంది. అడుగు చివర నేలను వెనక్కి తన్నే క్షణంలో పాదం మెత్తగా జారిపోకుండా గట్టిగా నిలిచేది అందుకే. పరుగులో ఒక్కో అడుగుకు శరీరం బరువుకు రెండు మూడు రెట్ల ఒత్తిడి నేల నుంచి తిరిగి వస్తుంది, అందులో పెద్ద వాటా ఈ పట్టీ మొదటి కొసకు చేరుతుంది. పిక్క కండరాలు బిగిసి, చీలమండ పైకి సరిగా మడత పడకపోతే ఆ వాటా ఇంకా పెరుగుతుంది. 2003లో డేనియల్ రిడిల్ బృందం 50 మంది రోగులను, 100 మంది నొప్పి లేనివారిని పోల్చి చూసినప్పుడు బిగుసుకున్న చీలమండ అన్నిటికన్నా బలమైన ప్రమాద కారణంగా తేలింది. స్థూలకాయం, రోజంతా నిలబడి చేసే పని ఆ తర్వాత వచ్చాయి. ఆటలాడని వారిలో బరువుకూ ఈ నొప్పికీ ఉన్న సంబంధం పరుగు తీసేవారిలో అంత గట్టిగా కనిపించదు. సన్నగా ఉన్న కుర్రాడికి మడమ నొప్పి రాదనుకోవడం అందుకే పొరపాటు. అదే ఏడాది హార్వే లెమాంట్ బృందం శస్త్రచికిత్సలో తీసిన 50 నమూనాలను సూక్ష్మదర్శిని కింద చూసి, వాటిలో వాపు కణాలు లేవనీ, నారపోగులు చివికి క్రమం తప్పి ఉన్నాయనీ ప్రకటించింది. నెలల తరబడి సాగే నొప్పికి వాపు మాత్రలు అంతంతమాత్రంగానే పనిచేయడానికి కారణం ఇక్కడ దొరుకుతుంది.

కృష్ణా డెల్టాలో ఈ భారం ఎప్పుడు, ఎలా పెరుగుతుందో నేలనూ, క్యాలెండరునూ చూసి చెప్పవచ్చు. ఇక్కడి నల్లటి బంకనేల వానాకాలంలో జారుతుంది, వేసవిలో నెర్రెలిచ్చి బిగుసుకుపోతుంది. బడి మైదానం బురదైన రోజుల్లో కుర్రాళ్ళు పరుగును కాలువ గట్టు మీదికో, కరకట్ట తారు రోడ్డు మీదికో మార్చుకుంటారు. విజయవాడలో ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియం దాకా రాలేనివాళ్ళకు సందుల్లోని సిమెంటు రోడ్లే ట్రాకు. ఎండ నలభై డిగ్రీలు దాటే నెలల్లో సాధన తెల్లవారుజామున అయిదింటికే మొదలవుతుంది, అంటే రాత్రంతా కదలక బిగుసుకున్న పట్టీ మీద నిద్ర లేచిన అరగంటలోనే గట్టి పరుగు పడుతుంది. వీటన్నిటికన్నా పెద్ద కుదుపు ఉద్యోగ నియామకాల నుంచి వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో ప్రకటన వచ్చింది, ప్రాథమిక రాత పరీక్ష 2023 జనవరి 22న జరిగింది, దేహదారుఢ్య పరీక్షలు మాత్రం 2024 డిసెంబరు 30న గానీ మొదలు కాలేదు. సివిల్ పోస్టులకు పురుషులు 1,600 మీటర్లు 8 నిమిషాల్లో పరుగెత్తాలి, దానితోపాటు 100 మీటర్ల పరుగులోనో లాంగ్‌జంప్‌లోనో నెగ్గాలి. దాదాపు రెండేళ్లు పుస్తకాల ముందు కూర్చున్న పాదం, తేదీ ఖరారు కాగానే రోజూ గడియారంతో పందెం వేయాల్సి వస్తుంది. ఈ అభ్యర్థులను క్రీడాకారులుగా ఎవరూ లెక్కించరు గానీ, వారి మడమ మీద పడే పని అథ్లెట్ పనే, వారి వెనుక కోచ్ మాత్రం ఉండడు. దీనికి తోడు కార్తీక, మార్గశిర మాసాల్లో దీక్షలు ఉంటాయి. భవానీ మాల, అయ్యప్ప మాల వేసుకున్న ఆటగాడు మండలం పాటు, అంటే 41 రోజులు, చెప్పులు లేకుండా తారు మీద నడుస్తూనే సాయంత్రం ఆటకూ వస్తాడు.

వట్టికాళ్ళతో నడవడం మన పాదానికి మంచిదే కదా అని ఇక్కడ అభ్యంతరం రావచ్చు. అందులో నిజం ఉంది. ఉదయ భాస్కర రావు, బెంజమిన్ జోసెఫ్ దక్షిణ భారతంలో 2,300 మంది పిల్లలను పరిశీలించి 1992లో ప్రచురించిన వ్యాసంలో, బూట్లు తొడిగే పిల్లల్లో 8.6 శాతానికీ, తొడగని వారిలో 2.8 శాతానికీ చదునుపాదం కనిపించింది. అయితే ఇది చిన్ననాటి నుంచి మట్టిలో పెరిగిన పాదం గురించి చెప్పిన మాట. ఏడాదిలో పదిన్నర నెలలు మెత్తటి బూట్లలో ఉండి, ఉన్నట్టుండి రోడ్డు మీదికి దిగే పాదానికి అది వర్తించదు. చెడు చేసేది వట్టికాలూ కాదు, బూటూ కాదు, వాటి మధ్య మార్పు జరిగే వేగం. దీక్ష వేసుకునే ఆటగాడు అంతకు మూడు నాలుగు వారాల ముందు నుంచే రోజూ కాసేపు మట్టి మీద వట్టికాళ్ళతో తిరిగి అలవాటు చేసుకుంటే, దీక్ష రోజుల్లో గెంతులూ వేగపు పరుగులూ తగ్గించుకుంటే, నియమానికీ ఆటకూ పేచీ రాదు.

నిర్ధారణకు ఖరీదైన యంత్రం అక్కర్లేదు. రోగిని మూడు ప్రశ్నలు అడగాలి: పొద్దున మొదటి అడుగు ఎలా ఉంది, నొప్పి మొదలవడానికి ముందు నెలా నెలన్నరలో ఆటలో గానీ నేలలో గానీ బూట్లలో గానీ ఏం మారింది, రాత్రి పడుకున్నప్పుడు కూడా నొప్పి ఉంటోందా. ఆ తర్వాత చెయ్యి వేయాలి. బల్ల మీద కాలు చాపించి, ఎడమచేత్తో వేళ్ళను, ముఖ్యంగా బొటనవేలిని, పైకి వంచి పట్టుకుంటే అరికాలి పట్టీ తాడులా తేలి కనిపిస్తుంది. దాని వెంట కుడిచేతి బొటనవేలితో వెనక్కి జరుపుకుంటూ వచ్చి, మడమ మెత్త మొదలయ్యే చోట, లోపలి అంచున నొక్కగానే రోగి కాలు లాక్కుంటే జబ్బు దాదాపు దొరికినట్టే. నిలబెట్టి బొటనవేలిని పైకి ఎత్తినప్పుడు నొప్పి వస్తే అనుమానం మరింత బలపడుతుంది, రాకపోయినంత మాత్రాన జబ్బు లేదని కాదు. చివరగా గోడకు ఎదురుగా పాదం పెట్టించి, మడమ లేవకుండా మోకాలిని గోడకు తాకించమనాలి. రెండు కాళ్ళ మధ్య తేడా అక్కడే బయటపడుతుంది. సందేహం మిగిలితే అల్ట్రాసౌండ్ చాలు, పట్టీ మందం 4 మిల్లీమీటర్లు దాటితే అది నిర్ధారణకు ఊతమిస్తుంది.

ఎక్స్‌రేలో మడమ కింద ముల్లులా ఎముక పెరిగి కనిపిస్తుంటే దాన్ని కాదనడం ఎలా అన్నది రోగి అడిగే మొదటి మాట. ఫిల్ము వెలుగులో పెట్టి ఆ కొక్కేన్ని వేలితో చూపించాక, నొప్పికి కారణం అది కాదంటే నమ్మడం ఎవరికైనా కష్టమే. కానీ ఏ నొప్పీ లేనివారిలో కూడా ఈ ముల్లు తరచుగా కనిపిస్తుంది, వయసుతోపాటు పెరుగుతుంది, నొప్పి పూర్తిగా తగ్గాక తీసిన ఎక్స్‌రేలోనూ అలాగే ఉంటుంది. శవపరీక్షల్లో చూస్తే చాలాసార్లు అది అరికాలి పట్టీలో కాక, దాని పైన వేళ్ళను వంచే చిన్న కండరం మొదట్లో కనిపించింది. నొప్పి ఉన్నవారిలో ముల్లు కొంత ఎక్కువగా కనిపించే మాట నిజమే. ఎక్కువకాలం లాగుడుకు గురైన చోట ఎముక స్పందించిన గుర్తుగా దాన్ని తీసుకోవచ్చు, చికిత్సకు గురిగా తీసుకోకూడదు. ముల్లు కరిగిస్తామనే ప్రకటనలకు ఆటగాళ్ళు పెట్టే ఖర్చు మంచి బూట్లకు పెడితే ఎంతో నయం.

ఎక్స్‌రే, ఎమ్మారై నిజంగా అవసరమయ్యేది వేరే జబ్బులను తోసిపుచ్చడానికి. వాటిలో ఆటగాడికి అన్నిటికన్నా ప్రమాదకరమైనది మడమ ఎముకకు ఒత్తిడితో వచ్చే పగులు. నొప్పి నడిచేకొద్దీ తగ్గక పెరుగుతుంటే, మడమను రెండు పక్కల నుంచి అరచేతులతో పిండినప్పుడు భరించలేకపోతే, సాధన ఈమధ్యే రెట్టింపై ఉంటే ముందు దీన్నే అనుమానించాలి. తొలి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండవచ్చు కనుక ఎమ్మారై తీయాలి. పాదం నొప్పి ఎంత పెద్ద ఆటగాళ్ళనైనా ఆపగలదనడానికి పి.వి. సింధు ఉదాహరణ. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచిన వెంటనే ఎడమ పాదంలో అలాంటి పగులు తేలింది. ఆమె ఆ నెల ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను వదులుకుని, 2023 జనవరిలో గానీ మళ్ళీ అంతర్జాతీయ పోటీల్లో కనిపించలేదు. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్లో నొప్పి మడమ వెనుక అంచున, ఎముక పెరిగే చోట ఉంటుంది. 1912లో జేమ్స్ వారెన్ సెవర్ వర్ణించిన ఈ సమస్య పెద్దల మడమ శూల కాదు. స్కూల్ గేమ్స్ సెలక్షన్ల ముందు పిల్లలకు సూదులు వేయించడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. రెండు మడమలూ ఒకేసారి నొప్పి పుట్టి, నడుము తెల్లవారుజామున అరగంటకు పైగా పట్టేస్తుంటే వెన్నుకు సంబంధించిన కీళ్లవాతం కోసం రక్తపరీక్షలు చేయించాలి. మంట, తిమ్మిరి, కరెంటు కొట్టినట్టు ఉండటం నరం నొక్కుకుందని చెబుతాయి. మడమ నడిమధ్యన గచ్చు మీద నిలబడితే నొప్పి పుట్టడం మడమ మెత్త పలచబడిందని చెబుతుంది.

చికిత్సకు వస్తే, భారం వల్ల వచ్చిన నొప్పికి పూర్తి విశ్రాంతే మందు కాదా అనేది రెండో అభ్యంతరం. కొన్నాళ్లకు అది హాయినిస్తుంది. కానీ నెల రోజులు మంచం పట్టిన పట్టీ ఇంకా బలహీనపడుతుంది, ఆటగాడు పాత వేగంతో తిరిగి దిగగానే మొదటి వారంలోనే నొప్పి పాత చోటికే వస్తుంది. పని ఆపడం కన్నా పనిని కోయడం మేలు. గెంతులు, వేగపు పరుగులు, గట్టునేల మీద మలుపులు ఆపి, సైకిలు, ఈత, పైభాగం వ్యాయామాలతో దమ్ము నిలుపుకోవాలి. ఎంత చేయవచ్చో చెప్పే కొలబద్ద మరునాటి మొదటి అడుగు. చేసేటప్పుడు నొప్పి పదికి మూడు నాలుగు మించకుండా, మర్నాడు పొద్దున నిన్నటికన్నా ఎక్కువ కాకుండా ఉంటే ఆ మోతాదు సరిపోయినట్టు, ఎక్కువైతే తగ్గించాలి. మూడో అభ్యంతరం ఇంకా పదునైనది. నెదర్లాండ్స్‌లో 532 మంది కొత్త పరుగుదారులపై జరిగి 2008లో వెలువడిన ప్రయోగంలో, 13 వారాల పాటు నెమ్మదిగా పెంచుకున్నవారికీ, 8 వారాల్లో పెంచుకున్నవారికీ దెబ్బల రేటు దాదాపు సమానంగా, ఇరవై శాతం చొప్పున తేలింది. అలాంటప్పుడు మెల్లగా పెంచమని చెప్పడానికి ఆధారం ఎక్కడిది? అక్కడ పోల్చిన రెండు పద్ధతులూ నెమ్మదైనవే, ఒకటి కాస్త ఎక్కువ నెమ్మది. ఏమీ చేయని స్థితి నుంచి పది రోజుల్లో రోజూ 1,600 మీటర్ల పూర్తివేగం పరుగుకు పోయినవాళ్ళు ఆ ప్రయోగంలో లేరు. వారానికి పది శాతం అనే అంకెను వేదంలా పట్టుకోనక్కర్లేదని దాన్నుంచి నేర్చుకోవచ్చు. ఒక్కసారి ఎగబాకడం ఫరవాలేదని మాత్రం నేర్చుకోలేం.

భారం తగ్గించిన కాలంలో పట్టీకి బలం పోయాలి. మొదటిది సాగదీత. 2003లో డిజియోవానీ బృందం చూపిన పద్ధతిలో రోగి మంచం దిగక ముందే నొప్పి ఉన్న కాలిని రెండో మోకాలి మీద పెట్టుకుని, వేళ్ళను చేత్తో వెనక్కి వంచి పది లెక్కపెట్టే దాకా పట్టుకుంటాడు. అలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు. ఎనిమిది వారాల్లో, పిక్కను మాత్రమే సాగదీసిన వారికన్నా వీరికి ఎక్కువ మేలు కనిపించింది. రెండోది బరువు వ్యాయామం. డెన్మార్క్‌లో మైకేల్ రాత్‌లెఫ్ బృందం 48 మందిపై జరిపి 2015లో ప్రచురించిన పద్ధతికి కావలసింది ఒక మెట్టు, ఒక తువ్వాలు. చుట్టిన తువ్వాలు మీద వేళ్ళు పైకి వంగి ఉండేలా ఒంటికాలి మీద నిలబడి, మూడు లెక్కలకు మడమ ఎత్తి, రెండు లెక్కలు ఆగి, మూడు లెక్కలకు దించాలి. మొదట పన్నెండేసిసార్లు మూడు విడతలు, వారాలు గడిచేకొద్దీ వీపున సంచీలో పుస్తకాలు పెట్టుకుని బరువు పెంచుతూ సార్లు తగ్గించాలి, రోజు విడిచి రోజు చేయాలి. మూడు నెలల దగ్గర ఈ బృందం సాగదీత బృందం కన్నా స్పష్టంగా ముందుంది. పన్నెండు నెలల దగ్గర రెండూ సమానమయ్యాయి. 2021లో డిలన్ మోరిసీ బృందం రూపొందించిన ఉత్తమ చికిత్సా మార్గదర్శి కూడా సాగదీత, అరికాలికి టేపు కట్టడం, రోగికి వివరించి చెప్పడం అనే మూడింటినే తొలి వరసలో నిలిపింది, బరువు వ్యాయామానికి అంత గట్టి స్థానం ఇవ్వలేదు. కాబట్టి తువ్వాలు వ్యాయామం అద్భుతమని చెప్పడం అతిశయమే. అయినా సంవత్సరం చివర ఎవరు సమానమన్నది ఇంటిపట్టున ఉండేవారికి సరిపోయే లెక్క, సీజన్ మధ్యలో ఉన్న ఆటగాడికి మూడో నెల లెక్కే అసలు లెక్క. రోగికి వివరించి చెప్పడం అన్నదాంట్లో పెద్ద భాగం భారం గురించే గనుక, ఆ మార్గదర్శి ఈ వాదనకు ఎదురు నిలవదు.

పోటీ వారంలో ఉంది, ఒక్క స్టెరాయిడ్ సూది వేస్తే దిగిపోతాడు కదా అన్నది మైదానంలో వినిపించే వాదన. మెల్‌బోర్న్‌లో మెక్‌మిలన్ బృందం 82 మందిపై చేసి 2012లో వెలువరించిన ప్రయోగంలో అల్ట్రాసౌండ్ చూస్తూ వేసిన డెక్సామెథసోన్ సూది నాలుగు వారాల దగ్గర నిజంగానే నొప్పి తగ్గించింది. ఎనిమిది, పన్నెండు వారాల దగ్గర ఉప్పునీటి సూదికీ దానికీ నొప్పిలో తేడా మిగలలేదు. రెండో వైపు లెక్క ఇదీ: 1998లో అసెవెడో, బెస్కిన్ తమ 765 మంది రోగుల రికార్డులు తిరగేస్తే 51 మందికి పట్టీ తెగింది, వారిలో 44 మందికి అంతకుముందు స్టెరాయిడ్ సూది పడింది. సూది వేయించుకున్నవారు ముందే జబ్బు ముదిరినవారు కావచ్చు, కనుక తెగడానికి నేరమంతా సూదిదేనని ఈ లెక్క రుజువు చేయదు. కానీ నొప్పి తెలియని మడమతో గెంతే ఆటగాడి విషయంలో ఆ అనుమానం చాలు, ఆపడానికి. పట్టీ తెగితే పాదం వంపు కుంగి, పాదం బయటి అంచున కొత్త నొప్పి మొదలవుతుంది. రోజుల తరబడి కుంటుతూ పనికి కూడా పోలేని మనిషికి, ఒకసారి, అల్ట్రాసౌండ్ చూస్తూ, ఆ తర్వాత కొన్ని వారాలు గెంతులు మానే షరతుతో సూది వేయడాన్ని తప్పుపట్టనక్కర్లేదు. సెలక్షన్ ముందు రోజు, మందు పేరు చెప్పకుండా వేసే సూది వేరే సంగతి.

మిగతా ఉపాయాలు చాలావరకు తోడ్పాటు మాత్రమే. 2006లో కార్ల్ లాండార్ఫ్ బృందం 135 మందికి బూటు లోపల పెట్టుకునే వేర్వేరు పాద ఆధారాలు (ఇన్‌సోల్స్) ఇచ్చి ఏడాది చూసింది. కొన్ని నెలలు కొద్దిపాటి మేలు కనిపించి, ఏడాదికి ఆ తేడా పోయింది. దుకాణంలో దొరికేదానికీ, కొలత తీసి చేయించిన ఖరీదైనదానికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇంట్లో గచ్చు మీద పలచని హవాయి చెప్పులకు బదులు మడమ మందంగా ఉన్న మెత్తటి చెప్పులు వాడటం అంతే పని చేస్తుంది. వేడి ఇటుక మీద జిల్లేడాకు వేసి మడమ ఆనించే ఇంటివైద్యం కాసేపు ఊరటనిస్తుంది, పట్టీని బాగు చేయదు. మధుమేహంతో పాదం స్పర్శ తగ్గినవారు దాని జోలికి పోకూడదు, కాలినా తెలియదు. మూడు నెలలు పద్ధతిగా వ్యాయామం చేసినా తగ్గనివారికి షాక్‌వేవ్ చికిత్స ఒక మెట్టు పైన ఉంది. ఫలితాలు ప్రయోగానికి ఒకలా ఉన్నా మొత్తం మీద మొగ్గు మేలు వైపే. రక్తం నుంచి తీసిన ప్లేట్‌లెట్ల సూది మీద ఆధారాలు ఇంకా స్థిరపడలేదు.

ఇది ఎలాగూ తనంతట తగ్గేదే కదా అన్న ఆఖరి అభ్యంతరానికి డెన్మార్క్ నుంచే జవాబు వచ్చింది. పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఏడాదిలో తగ్గుతుందని పుస్తకాలు చాలాకాలం రాశాయి. అయితే 174 మంది రోగులను 5 నుంచి 15 ఏళ్ల తర్వాత వెతికి అడిగిన అధ్యయనం 2018లో వెలువడింది, దాని ప్రకారం అయిదేళ్లకు కూడా దాదాపు సగం మందికి నొప్పి మిగిలే ఉంది. వీరు ఆసుపత్రి దాకా వచ్చిన ముదిరిన కేసులు గనుక ఊళ్లోని అందరికీ ఈ లెక్క అంటించలేం. కానీ పట్టించుకోకుండా ఆడేసిన మడమకు ఇది దగ్గరి లెక్క. ఆరు నెలల నుంచి ఏడాది దాకా అన్నీ చేసినా తగ్గని కొద్దిమందికే పట్టీని పాక్షికంగా కోసే శస్త్రచికిత్స మిగులుతుంది, దాని తర్వాత వంపు కుంగే ప్రమాదం ఉంటుందని ఆటగాడికి ముందే చెప్పాలి. మిగతావారు తిరిగి ఆటలోకి రావడానికి షరతులు ఇవి: అరగంట చురుకైన నడక తర్వాత మర్నాడు మొదటి అడుగు మామూలుగా ఉండాలి, నొప్పి కాలి మీద ఒంటికాలితో ఇరవైసార్లకు తగ్గకుండా మడమ ఎత్తగలగాలి. అప్పుడు రోజు విడిచి రోజు, మట్టి మీద, నడకా పరుగూ కలిపి మొదలుపెట్టాలి. ముందు దూరం పెంచి, తర్వాత వేగం పెంచాలి. కబడ్డీ, ఖోఖో మలుపులు, మెట్ల పరుగులు, స్పైక్స్ బూట్లు, లాంగ్‌జంప్ గెంతులు చివరి వారాలకు ఉంచుకోవాలి. తువ్వాలు వ్యాయామాన్ని మాత్రం నొప్పి పోయాక కూడా వారానికి రెండుసార్లు కొనసాగించాలి.